నలభై నాలుగు

ఫ్లెక్సీలొచ్చి పదిహేనేళ్ళు.
నా కుంచెలు కిరసనాయిలు డబ్బాలో
నిలబడ్డవి నిలబడ్డట్టే రాయైపోయాయి.
అట్లాంటిది మునిసిపాలిటీ నుంచి ఫోను.
"కాలేషా అన్నా, చెట్లకి నంబర్లెయ్యాల.
బెరడు మీద ఫ్లెక్సీ అతకదు గందా."

చెట్టుకి ముప్పై రూపాయలు. ఎర్ర ఎనామిల్ వాళ్ళదే.
ఎందుకని నేనడగలేదు.
పశువుల ఆసుపత్రి రోడ్డు అరవై అడుగులవుద్దనీ
చివర్న అద్దాల కాంప్లెక్సు లేస్తదనీ
కందుకూరులో పాలబుడ్డి పిల్లకి కూడా తెలుసు.

పొలిమేర బోర్డు మీద ప్రకాశం జిల్లా అని రాసింది నేనే.
చెరిపి నెల్లూరు అని రాసిందీ నేనే.
మళ్ళీ చెరపమంటే చెరుపుతా, కూలి కూలే.
జిల్లాలు అటూ ఇటూ తిరిగాయి గానీ
ఈ నిద్రగన్నేర్లు ఒక్క అడుగు జరగలేదు.

ఒకటో నంబరు కింద పెంచలమ్మ దోసెల బండి.
అట్లకాడ ఆపి చూసింది.
"గుండ్రంగా రాశావు అబ్బయ్యా" అంది.
నేను రాసింది ఒకటి. అందులో గుండ్రం ఏముందో.

ఆరో చెట్టు ఎప్పటిదో సైకిలు గొలుసుని సగం మింగి కూర్చుంది.
తొమ్మిదో దాని మీద నేను వేసిన పాత ఎన్నికల గొడుగు.
అభ్యర్థికి డిపాజిట్ పోయింది,
మానుతో పాటు సాగి సాగి
గొడుగు మాత్రం ఇద్దరు పట్టేంత అయింది.
దాని మీదే తొమ్మిది రాశా.

పదమూడు, కానుగ.
తడి రంగు దగ్గర చీమల బారు ఆగింది,
మూడు చుట్టూ తిరిగి కొత్త దారి వేసుకుంది.
టేపు లేదు, సర్వేయరూ లేడు.

పొద్దు వాలేసరికి ఇరవై రెండు.
నిద్రగన్నేర్లు ఆకులు ముడుచుకున్నాయి.
ఇక అక్కడినుంచి, నిద్రపోయేవాళ్ళ నుదుట
చప్పుడు చెయ్యకుండా రాస్తున్నట్టుంది.
ఆపేసి ఇంటికొచ్చా.
కంచంలో చెయ్యి పెడితే గోళ్ళల్లో ఎరుపు.
మా ఆవిడ స్పూను తెచ్చిచ్చింది, ఏమీ అనలేదు.

మర్నాడు పదకొండుకల్లా నలభై మూడూ అయిపోయాయి.
మిగిలింది ఆసుపత్రి పక్కగోడ, సందు వైపుది.

తొంభై ఒకటిలో ఆ గోడ మీద ఎద్దుని వేశా.
గోడ ఉబ్బిన చోట మూపురం వచ్చేట్టు
మూడు రోజులు పురికొసతో కొలుచుకున్నా.
డాక్టరుగారు నాలుగొందలన్నారు, రెండొందలిచ్చి బదిలీ అయిపోయారు.
కాళ్ళ దగ్గర కాస్త గడ్డి వేశా.
చూలు చూపించుకోవడానికొచ్చిన ఆవొకటి
ఆ గడ్డిని నాకింది. రెండు సార్లు.
నాలిక గరుకుకి పచ్చరంగు లేచిపోయింది.
ఆ చోటు నేను మళ్ళీ దిద్దలేదు.
నా పనికి వచ్చిన మెప్పు అదొక్కటే.

టేపు పట్టుకున్న పిల్లోడు గోడకి వేలు ఆనించాడు.
"ఇక్కడ నిలువు గీత కొట్టన్నా."
కొట్టా. చెయ్యి వణకలేదు.
నలభై ఏళ్ళు గీతలు గీసిన చెయ్యి, దానికేం తెలుసు.
తలా, మెడా, మూపురం రోడ్డుకి.
నడుమూ తోకా ఆసుపత్రికి.
వెనక గిట్ట కింద నా సంతకం, భద్రంగా.

డబ్బా అడుగున రంగు మిగిలింది.
ఎద్దు మెడ మీద 44 వేశా.

గుమాస్తా వచ్చి చూశాడు.
"చెట్లు నలభై మూడే గందా. ఇదేందన్నా?"
"ఇదీ కొట్టేదే. లెక్కలో ఉండనీ."
అతను రిజిస్టరు తెరిచాడు. జాతి అన్న గడిలో
వేప, కానుగ, నిద్రగన్నేరు, నిద్రగన్నేరు...
కలం ఆగింది.
తర్వాత 'ఎద్దు' అని రాశాడు.
వయసు అడిగాడు, చెప్పా.
చుట్టుకొలత అన్నాడు.
ఇద్దరం గోడ వంక చూశాం.
అక్కడ ఓ చిన్న గీత గీసి పుస్తకం మూశాడు.

డబ్బులు నలభై మూడింటికే వచ్చాయి.
పన్నెండొందల తొంభై.